గోదావరి గట్టున హద్దురాళ్లు

జూలై, ఆగస్టు నెలల్లో మన వైపు ఇద్దరు మనుషులు ఎదురుపడితే మొదట అడిగే మాట ఒకటే: "గోదారి ఎన్ని అడుగులుందట?" భద్రాచలం స్నానఘట్టాల దగ్గర నీటిమట్టం చూపే అంకెలున్నాయి. నీళ్లు 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది, ఆఖరుది. బడి మెట్లెక్కని ముసలమ్మ కూడా ఈ మూడు అంకెలూ తడుముకోకుండా చెబుతుంది. మొదటి హెచ్చరిక వినగానే ఒడ్డు చేలల్లో మోటార్లు విప్పుకుంటారు, పశువుల్ని మెరకకు తోలుకుంటారు. రెండోదానికి బియ్యం, పాసుపుస్తకాలు మూటగడతారు. మూడోది వినేసరికి పల్లపు కాలనీల జనం బడుల్లో తలదాచుకుని ఉంటారు.

1986 ఆగస్టులో ఆ నీళ్లు 75.6 అడుగులకు లేచాయి. 1990లో 70.8. మళ్లీ ముప్ఫై రెండేళ్లకు, 2022 జూలైలో, 71.3. మన పెద్దవాళ్లు ఏళ్లను లెక్కపెట్టుకునేది ఈ వరదలతోనే. పెద్దోడు ఎనభయ్యారు వరదకు ముందు పుట్టాడంటారు. ఆ పెంకుటిల్లు వరద తర్వాత కట్టిందంటారు. ఒక గుర్తు జనం నోట్లో బతికి ఉండడమంటే ఇదే. ఆ అంకె ఎవరిని ముంచిందో, ఎవరిని వదిలిందో అందరికీ తెలుసు. ఎవరూ దగ్గరుండి వివరించక్కర్లేదు.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కణ్నించి ఛత్తీస్‌గఢ్ అడవి అంచు దాకా ఇలాంటి గుర్తులు ఎన్నో ఉన్నాయి. పాటిదిబ్బలు, పాత లాకులు, రైల్వే బోర్డులు, కూలిన బందెలదొడ్లు, అడవిశాఖ హద్దురాళ్లు, రాక్షసగుళ్లు. వాటిలో చాలా వాటి దగ్గర ఏ పలకా లేదు. పలక ఉన్నచోట రాజు పేరో, ప్రారంభించిన పెద్దమనిషి పేరో ఉంటుంది. అదే నేలమీద మందలు కాసినవాళ్లు, పోడు కొట్టినవాళ్లు, ఉప్పు బస్తాలు ఎద్దుల మీద వేసుకుని నడిచినవాళ్లు ఆ పలకల్లో కనిపించరు. వాళ్ల చరిత్ర కూడా ఆ రాళ్ల దగ్గరే ఉంది. దాన్ని చదవడానికి మనం ఏం చేయాలన్నదే ఈ ప్రసంగం.

ముందు నేలకొండపల్లికి వెళదాం. ఖమ్మం నుంచి ఎంతో దూరం లేదు. కంచర్ల గోపన్న, అంటే మన భక్త రామదాసు, పుట్టిన ఊరు. ఆయన పేరు మీద అక్కడ ధ్యానమందిరం ఉంది. ఊరి బయట పెద్ద దిబ్బలున్నాయి. వాటిని విరాటరాజు దిబ్బలంటారు. దగ్గర్లో కీచకగుండం ఉంది. పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటనగరం ఇదేనని ఊరివాళ్ల నమ్మకం. పురావస్తు శాఖవాళ్లు 1970ల చివర్లో తవ్వకాలు మొదలుపెడితే బయటపడింది బౌద్ధ మహాస్తూపం. విహారాల పునాదులు, బుద్ధుడి విగ్రహాలు దొరికాయి. ఈ స్తూపం సుమారు 1,700 ఏళ్ల నాటిది.

తవ్వకాలు అయ్యాక చదువుకున్నవాళ్లు కొందరు విరాటరాజు కథను పక్కకు నెట్టేశారు. నాకు అది సరైన పని అనిపించదు. స్తూపం సంగతి నిజం, దానికి ఇటుకలు సాక్ష్యం. అయితే బౌద్ధం ఈ నేలమీంచి వెళ్లిపోయాక వందల ఏళ్లపాటు ఆ దిబ్బ ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు చుట్టుపక్కల మందలు కాసేవాళ్లు ఆ దిబ్బకు తమ కథను ఇచ్చుకుని ఉంటారు. భారతంలో విరాటుడి సంపద అంతా గోసంపదే. కౌరవులు అతని మీదికి వచ్చింది ఆవుల మందల కోసమే. దక్షిణ గోగ్రహణం, ఉత్తర గోగ్రహణం రెండూ పశువుల దోపిడీ యుద్ధాలే. మేత భూములు, మందలు, దొంగల భయం ఉన్న ఊళ్లో ఆ రాజును తమవాడిగా చేసుకోవడం చాలా సహజం. నేలకొండపల్లి దిబ్బ దగ్గర పెట్టే పలక మీద స్తూపం తేదీతోపాటు ఈ సంగతి కూడా ఉండాలి. ఒక్క దిబ్బ రెండు కాలాల మనుషుల గురించి చెబుతున్నప్పుడు సగం కొట్టేయడం ఎందుకు?

ఇప్పుడు ఇల్లెందు. ముసలివాళ్లు ఇంకా బొగ్గుట్ట అనే అంటారు. భద్రాచలం రాముడి దర్శనానికి నడిచి వెళ్లే యాత్రికులు అక్కడ మజిలీ చేసి, నల్లరాళ్లు మూడు తెచ్చి పొయ్యి పెట్టుకుంటే, కట్టెలతోపాటు రాళ్లు కూడా అంటుకున్నాయని కథ. ఈ కథ సింగరేణి కార్మికుల ఇళ్లల్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కాగితాల్లో ఉన్న సంగతి ఏమిటంటే, భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కు తీసుకుంది. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అని పేరు మారింది, 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాతి కథ కొత్తగూడెంలో ఉన్నవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

కొత్తగూడెం స్టేషనులో దిగినవాళ్లు బోర్డు చూసి ఒక్క క్షణం ఆగుతారు. దాని మీద "భద్రాచలం రోడ్" అని ఉంటుంది. భద్రాచలం అక్కణ్నించి ఇంకా 40 కిలోమీటర్లు. పట్టాలు వేసింది బొగ్గు కోసం, పేరు పెట్టింది రాముడి ఊరిది. గుడికి పోయే జనమూ గనికి పోయే జనమూ ఒకే బండెక్కి దిగిన స్టేషను అది. ఒక్క పసుపు బోర్డు మీద ఈ ప్రాంతపు నూటముప్ఫై ఏళ్ల సంగతి ఉంది. అక్కడే కింద నాలుగు వాక్యాలు రాసిపెడితే దిగిన ప్రతివాడూ చదువుతాడు.

పాల్వంచ దగ్గర ఎక్కువసేపు ఆగను. 1960లలో థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. 1969 తెలంగాణ ఉద్యమానికి తొలి నిప్పు రాజుకుంది అక్కడి ఉద్యోగాల ప్రశ్న మీదనే. ఆ ఉద్యమం మీద పుస్తకాలొచ్చాయి, స్తూపాలొచ్చాయి. అది మరిచిపోయిన చరిత్ర కాదు.

మరిచిపోయింది ఇంకొకటి ఉంది. దానికోసం భద్రాచలం దాటి గోదావరి ఎగువకు, దుమ్ముగూడెం వెళ్లాలి. పర్ణశాలకు పోయే యాత్రికుల బస్సులు ఆ ఊరి మీదుగానే పోతాయి. దిగేవాళ్లు తక్కువ. అక్కడ నదికి అడ్డంగా పాత రాతి ఆనకట్ట ఉంది, పక్కన పడవల కాలువ, లాకులు ఉన్నాయి. కొలతకు చెక్కిన రాళ్లు, వాటి మధ్య మొలిచిన రావి మొక్కలు. ఈ మూల ఆ లాకులు ఎవరికోసం కట్టారు?

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఇంకో పెద్ద ఆలోచన ఉండేది. గోదావరినీ దాని ఉపనదులనూ పడవల దారి చేసి, విదర్భ పత్తిని నీళ్ల మీదుగా తూర్పు తీరానికి దించాలని. నదిలో బండరాళ్ల అడ్డంకులు మూడుచోట్ల ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ఇంకా పైన ప్రాణహిత మీద. వాటిని తప్పించుకోడానికి ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కట్టాలి. ఆ పని హేగ్ అనే సైనిక ఇంజనీరు చేతికొచ్చింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం. ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. మన పత్తికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. దుమ్ముగూడెంలో సుత్తుల చప్పుడు పెరిగింది.

1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. పత్తి పడమటికి పోయింది. నది దారి ఖర్చు దండగ అయింది. 1871లో పని ఆపేశారు.

ఆ పడవల దారి కాగితం మీద మాత్రం చాలా పెద్ద పని చేసింది. 1860 డిసెంబరులో నిజాంతో ఇంగ్లీషువాళ్లు ఒప్పందం చేసుకున్నారు. గోదావరి ఎడమ గట్టున ఉన్న తాలూకాలు వాళ్లకు దక్కాయి, నదిలో సరుకు మీద సుంకం తీసేశారు. అలా భద్రాచలం నిజాం చేతిలోంచి పోయింది. అంటే రామదాసు గుడి కట్టించిన ఊరు, తానీషా కాలం నుంచి గోల్కొండకు, ఆపైన హైదరాబాదుకు చెందిన ఊరు, పత్తి పడవల కోసం గీసిన గీతకు అవతలికి వెళ్లిపోయింది. బూర్గంపాడు ఈవల నిజాం రాజ్యం, భద్రాచలం ఆవల ఇంగ్లీషు రాజ్యం. మధ్యలో గోదావరి. 1860 నుంచి దాదాపు తొంభై ఏళ్లు సరిహద్దు ఈ నదే.

ఇక్కడ శ్రోతలు 1871 అనే సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. గోదావరికి ఈవల ఇల్లెందులో బొగ్గు గుర్తించింది ఆ ఏడే. ఆవల దుమ్ముగూడెంలో పని ఆపేసింది ఆ ఏడే. అదే ఏడు ఇంగ్లీషు ప్రభుత్వం మూడో పని చేసింది, పశువుల చట్టం తెచ్చింది. ఒకరి పొలంలోనో, ప్రభుత్వ స్థలంలోనో పడిన పశువును పట్టి కట్టేసి, అపరాధ రుసుం కట్టాకే వదిలే చట్టం. దాని గుర్తే బందెలదొడ్డి.

మన పల్లెల్లో బందెలదొడ్డి తెలియని పెద్దవాళ్లు ఉండరు. చుట్టూ రాతి గోడ, ఒక గేటు, లోపల ఒక చింతచెట్టో వేపచెట్టో. పట్టిన గొడ్డు ఎన్ని రోజులుంటే అంత మేత ఖర్చు, దాని మీద జుల్మానా. విడిపించుకోకపోతే వేలం. నాగలి ఎద్దు దొడ్లో పడితే దుక్కి ఆగిపోయేది. వానలు పడ్డ వారంలో ఎద్దు లేకపోతే ఆ ఏటి పంట పోయినట్టే. ఇప్పుడు చాలా ఊళ్లల్లో ఆ దొడ్లు కూలిపోయాయి. ఆ గోడల రాళ్లు తీసి ఇంటి పునాదుల్లో వేసుకున్నారు, దొడ్డి స్థలంలో పంచాయతీ ఆఫీసో, అంగన్‌వాడీయో వచ్చింది. పేరు మాత్రం నిలబడింది. "బందెలదొడ్డి కాడ బస్సు ఆగుద్ది" అంటారు. పేరు నిలిచి ఉన్నంతవరకు ఒక పలక పెట్టడానికి ఆలస్యం కాలేదనే నా నమ్మకం.

బందెలదొడ్డికి తోడు అడవిశాఖ హద్దురాయి వచ్చింది. 1882లో మద్రాసు అడవి చట్టం. రాళ్లు పాతారు, నెంబర్లు వేశారు. రాయికి ఇవతల ఊరు, అవతల రిజర్వు అడవి. నైజాంలో కూడా అదే పద్ధతి వచ్చింది. అడవిలో మేపాలంటే పుల్లరి కట్టాలి, రసీదు చూపించాలి. మందలు కాసేవాళ్లకు ఈ రాయి గుడి కన్నా, కోట కన్నా ముఖ్యమైన కట్టడం. రోజుకు రెండుసార్లు దాన్ని దాటాలి, రెండుసార్లూ భయపడాలి. మన చరిత్ర పుస్తకాల్లో ఖమ్మం ఖిల్లా బురుజుల గురించి, జాఫరుద్దౌలా కట్టించిన మెట్లబావి గురించి ఉంటుంది. అవి ఉండాల్సిందే. జనం నిత్యజీవితంతో ఖిల్లాకంటే ఎక్కువ ముడిపడ్డ ఈ నెంబరు రాళ్ల గురించి ఒక్క పేరా కూడా ఉండదు.

పోడు సంగతి ఇంకా కఠినమైంది. 1860 తర్వాత భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. అక్కడి పద్ధతిలో పోడుకు పన్ను గొడ్డలి లెక్కన ఉండేది, ఒక గొడ్డలికి నాలుగు అణాలు. 1874లో ఈ రెండు తాలూకాలనూ మద్రాసుకు, గోదావరి జిల్లాకు మార్చారు. పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో పోడే కొట్టొద్దన్నారు. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి వైపుకూ పాకింది. దూరాన ఆఫీసులో ఒక తాలూకా పేరు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి మారితే, ఇక్కడ కొండమీద గొడ్డలి పట్టిన మనిషి బతుకు తలకిందులైంది. ఆ రేకపల్లి ఇప్పుడు వరరామచంద్రాపురం మండలంలో ఉంది. ఈ సంగతి చెప్పే ఒక పలక అక్కడ పెట్టాలని నా కోరిక.

గీతలు మారడం అక్కడితో ఆగలేదు. 1953 అక్టోబరు 1న నదికి రెండు గట్లమీదా రెండు కొత్త పేర్లు వచ్చాయి. కుడిగట్టున హైదరాబాద్ రాష్ట్రంలో వరంగల్ జిల్లా చీలి ఖమ్మం జిల్లా ఏర్పడింది. అదే రోజు ఎడమగట్టున భద్రాచలం కొత్త ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956లో రెండూ ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది, రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. దాంతో పడవ రేవుల పని సన్నగిల్లింది. 2014లో తెలంగాణ వచ్చింది. పోలవరం ప్రాజెక్టు కోసం కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం మండలంలో పట్టణం మినహా మిగిలిన ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లాను విడదీసి భద్రాద్రి కొత్తగూడెం చేశారు.

భద్రాచలంలో 1935లో పుట్టిన ఒక అవ్వను ఊహించుకోండి. ఇల్లు మారలేదు, వీధి మారలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది, ఆంధ్ర రాష్ట్రంలో పెళ్లయింది, ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని పెంచింది, తెలంగాణలో ముసలిదైంది. తూర్పుగోదావరి, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, మూడు జిల్లాల కాగితాలు ఆమె పెట్టెలో ఉంటాయి. ఇన్ని గీతలు గీసినవాళ్లలో ఒక్కరైనా ఆమెను అడిగారా?

ఇప్పుడు గీతలకు చాలా ముందటి రాళ్ల దగ్గరికి వద్దాం. పినపాక మండలం జానంపేట దగ్గర అడవిలో రాక్షసగుళ్లున్నాయి. పెద్దపెద్ద ఇసుకరాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పి కట్టిన సమాధులు. కొన్నింటి లోపల రాతినే తొలిచి చేసిన తొట్లు ఉన్నాయి, చనిపోయినవాళ్ల ఎముకలు ఉంచడానికి. ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర దామరవాయిలో ఇవి గుట్టనిండా ఉన్నాయి. ఇనుము కరిగించడం నేర్చిన కాలం మనుషులవి, రెండువేల ఏళ్లకు పైబడ్డవి. వీటి పక్కన కొన్నిచోట్ల మనిషి ఆకారంలో చెక్కిన నిలువురాళ్లు ఉన్నాయి. తల, భుజాలు తెలిసేటట్టు చెక్కినవి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు వీటిమీద ఏళ్లతరబడి పనిచేశారు.

అంత బరువు పలకలు మనుషులే ఎత్తారంటే నమ్మలేక జనం రాక్షసులకు అంటగట్టారు. ఆ పలకలు తీసిన ఇసుకరాయి, కింద బొగ్గు దాచుకున్న గోండ్వానా పొరలు ఒక కుటుంబానివే. పైన సమాధి, కింద గని. జానంపేటకూ మణుగూరు గనులకూ మధ్య దూరం కూడా తక్కువే.

రాతితో చనిపోయినవాళ్లను తలుచుకోవడం ఈ అడవుల్లో ఎప్పుడో ఆగిపోయిన పని అనుకోవద్దు. బస్తరు వైపు కోయ, మాడియా గోండుల్లో చనిపోయిన మనిషికి నిలువురాయి పాతే ఆచారం మన కాలం దాకా నడిచింది. చావుకు కోసిన పశువు తోకను ఆ రాయికి కట్టేవాళ్లు. మన దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి కోయల గురించి రాస్తూ, చనిపోయినవాళ్ల చేతిలో పశువు తోక పెట్టడం గురించి చెప్పాడు. కోయవారి ఇంట్లో ఆవు పాలకోసం ఉండేది కాదు. దూడ తాగాల్సిన పాలను మనిషి పిండుకోకూడదన్నది పాత పద్ధతి. పశువు దున్నడానికి, పండుగకు, ఆఖరి ప్రయాణానికి. కొమ్ముకోయ ఆటలో మగవాళ్లు తలకు అడవిదున్న కొమ్ములు కట్టుకుని ఆడతారు. పశువుతో ఇంత గాఢంగా ముడిపడ్డ జనానికి బందెలదొడ్డి, పుల్లరి ఎంత అన్యాయంగా తోచి ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి.

ఇక లంబాడీలు. కారేపల్లి, ఇల్లెందు, గార్ల చుట్టూ ఇప్పుడు తండాలు కనిపిస్తాయి. రైలు, లారీ రాకముందు వాళ్ల పూర్వీకులు వందల ఎద్దుల మీద తీరం ఉప్పును అడవిదారుల్లో లోపలి దేశానికి చేరవేసేవాళ్లు, ధాన్యం వేసుకుని తిరిగొచ్చేవాళ్లు. పట్టాలు పడ్డాక ఎద్దులకు పని పోయింది. మంద ఆగినచోటే తండా లేచింది. ఎద్దులు నీళ్లు తాగిన చెరువుల పేర్లు, మజిలీ చేసిన మర్రిచెట్ల పేర్లు తండా పెద్దల పాటల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ దారి ఎక్కడా ఏ పటంలోనూ లేదు.

భద్రాచలం గుడిలో పలకలకు లోటు లేదు. రామదాసు పేరు, గోల్కొండ పేరు అందరికీ తెలుసు. ఆ గుడి కథలో మొదటి మనిషి మాత్రం పోకల దమ్మక్క. పుట్టలో ఉన్న విగ్రహాలను కనిపెట్టి, పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిన అడవి మనిషి. పాల్వంచ పరగణా తహసీల్దారు గోపన్న వచ్చింది ఆమె తర్వాత. ఇప్పుడు దమ్మక్క పేరుతో సేవాయాత్ర జరుగుతోంది, అడవి పల్లెల నుంచి జనం వస్తున్నారు. ఆమెను మళ్లీ ముందు వరసలోకి తెచ్చిన ఆ పని చూస్తే నాకు ధైర్యం కలుగుతుంది. ఒక పేరు మూడు వందల ఏళ్లు వెనక నిలబడి కూడా ముందుకు రాగలిగింది. మిగతా పేర్లు ఎందుకు రావు?

అందుకే శ్రోతలకు, ముఖ్యంగా ఊళ్లల్లో ఉన్న ఉపాధ్యాయులకు, పంచాయతీ సభ్యులకు ఒక మాట. ఖర్చుతో పని లేదు. ఒక సిమెంటు దిమ్మె, ఒక డబ్బా పెయింటు చాలు. ఊళ్లో ఉన్న ప్రతి పాత రాయికి, బావికి, దొడ్డికి, చెట్టుకు జనం పిలిచే పేరు ఏమిటో ముందు రాయండి. తర్వాత ఎవరు వాడారో, ఎందుకు వాడారో రాయండి. రాజుల తేదీలు ఆఖర్న పెట్టండి. కోయ ఊళ్లో అయితే తెలుగుతోపాటు కోయ మాటల్లో కూడా రాయండి, తెలుగు లిపిలో రాస్తే పిల్లలు వెంటనే చదువుతారు. అడిగేటప్పుడు ఊరి పెద్దమనిషిని ఒక్కణ్నే అడిగి ఊరుకోకండి. పశువులు కాసినవాళ్లను, నీళ్లకు పోయిన ఆడవాళ్లను, గనిలో దిగిన తాతను అడగండి. ఒకే రాయికి రెండు కథలు వస్తే రెండూ రాయండి. నేలకొండపల్లిలో రెండు కథలకూ చోటున్నట్టే ఇక్కడా ఉంటుంది.

ఎటపాక ఊరివాళ్లు ఈ పని ఇంకా జాగ్రత్తగా చేయాలి. జటాయువు పడ్డ చోటని భక్తులు వచ్చే ఆ ఊరు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, భద్రాచలం తెలంగాణలో. పక్కనే పురుషోత్తపట్నంలో రాముడికి ఎనిమిది వందల ఎకరాలకు పైగా భూమి ఉంది, అదీ అవతలి రాష్ట్రంలోనే. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఆ సరిహద్దు దగ్గర ఇప్పుడున్నవి స్వాగతం చెప్పే రెండు ప్రభుత్వాల బోర్డులు. 1860 నుంచి ఆ గీత ఎన్నిసార్లు ఎలా జరిగిందో చెప్పే బోర్డు ఇంకొకటి వాటి పక్కన నిలబడాలి.

అన్నిటికన్నా తొందర ఉన్నది దిగువన. వేలేరుపాడు మండలం రుద్రంకోట దగ్గర పాత రాతి సమాధులున్నాయి. శబరి గోదావరిలో కలిసే కూనవరం చుట్టూ వందల పల్లెలున్నాయి. పోలవరం జలాశయం 150 అడుగుల పూర్తి మట్టానికి నిండితే ఆ నేలలో చాలా భాగం నీళ్ల కిందికి పోతుంది. రాయి మునిగితే మునిగింది, దాని పేరు, కథ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లల్లో కొందరు ఇప్పటికే పునరావాస కాలనీలకు వెళ్లారు. వరసగా కట్టిన ఒకే రకం ఇళ్లల్లో ఉంటున్నారు, ఆ వీధులకు ఇంకా పేర్లు కూడా సరిగ్గా పడలేదు. కాగితం, కలం పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. వదిలొచ్చిన ఊళ్లో ఏ రాయిని ఏమని పిలిచేవారో అడగండి. వాళ్లు చెప్పిన పేర్లతోనే ఆ కాలనీ వీధులకు బోర్డులు పెట్టించండి.